అర్ధగంట ముందు తెరుచుకునే ద్వారం

గత నెలలో ఒకనాడు అస్ర్ నమాజు ముగించుకుని అవుకు జలాశయం కట్ట మీద నడుస్తున్నాము. మా వీధిలోనే నివసించే విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు మమ్మల్ని ఆపారు. వారిని మేము చిన్ననాటి నుండి 'అన్నా' అనే పిలుస్తాము. వారి కుమారుడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రాబోయే డిసెంబరు సెలవులలో తల్లిదండ్రులను అక్కడికి రప్పించుకుని, ఐదేళ్ళ మనుమడితో కలిపి ఫ్లోరిడాలోని ఆర్లాండో నగరానికి, అక్కడి డిస్నీ వినోద ప్రపంచానికి తీసుకువెళ్ళాలని అతని కోరిక. అయితే బస ఎక్కడ అన్నదే తేలడం లేదట.

"తమ్ముడూ, పార్కు వాళ్ళ హోటల్లోనే దిగితే అందరికంటె అర్ధగంట ముందు లోపలికి పంపిస్తారంట. దానికి గది బాడుగ బయటికంటె చాలా ఎక్కువ. అర్ధగంటకు అంత డబ్బు పెట్టడం న్యాయమా? వాడు మమ్మల్ని అడుగుతున్నాడు. మాకేం తెలుసు?" అన్నారు అన్న.

ఆ ప్రశ్న విని మొదట నవ్వుకున్నాము. మన ఊళ్ళలో ముందు చేరడానికి రెండే మార్గాలు తెలుసు. చౌకధరల దుకాణం ముందు తెల్లవారకముందే సంచినో చెప్పులనో వరుసలో పెట్టడం ఒకటి, బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం మరొకటి. డబ్బు చెల్లించి తువ్వాలు వేయించుకోవడం కొత్త సంగతి. కాని ఇంటికి వచ్చి ఆలోచించిన కొద్దీ ఇది నవ్వి వదిలిపెట్టే ప్రశ్న కాదనిపించింది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు జీవితంలో ఒక్కసారి తల్లిదండ్రులను తీసుకువెళ్ళే ప్రయాణాలు ఇవి. ఇటువంటి ఇండ్లు మన పాఠకులలో అనేకం. కనుక ఈ నెల మన శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

ముందుగా ఆ ఏర్పాటు ఏమిటో చూద్దాం. ఆర్లాండో సమీపంలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న ప్రారంభమైంది. అందులో నాలుగు పెద్ద పార్కులు ఉన్నాయి. వెనుకటి రోజులలో హోటల్ అతిథుల కోసం ఏదో ఒక పార్కును మాత్రం ఉదయం గంట ముందు తెరవడమో, రాత్రి మరికొంతసేపు తెరిచి ఉంచడమో చేసేవారు. 2021 అక్టోబరు నుండి పద్ధతి మారింది. ఇప్పుడు నాలుగు పార్కులలోనూ ప్రతిరోజూ అర్ధగంట ముందు ప్రవేశం. అందరికీ తొమ్మిదికి తెరిచే రోజున వీరికి ఎనిమిదిన్నరకే అన్నమాట. అదే నగరంలోని యూనివర్సల్ వారు కూడా తమ హోటల్ అతిథులకు ముందు ప్రవేశం ఇస్తారు. పారిస్ డిస్నీల్యాండ్‌లో గంట. టోక్యోలో మాత్రం పదిహేను నిమిషాలు.

ఇది టికెట్టు కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. గదికి చెల్లించినా పార్కు టికెట్టు విడిగా కొనవలసిందే. ముందు ప్రవేశం ఆ హోటల్లో దిగినవారికే. బయట దిగిన బంధువులను, స్నేహితులను వెంట తీసుకుని లోపలికి పోవడం కుదరదు. ఆ అర్ధగంటలో పార్కంతా తెరవరు, కొన్ని ఆటలే నడుస్తాయి. డిస్నీ పేరు లేని కొన్ని హోటళ్ళకూ ఈ వసతి ఉంది గనుక బుక్ చేసే ముందు విచారించుకోవడం మేలు.

ఇక అర్ధగంట విలువ ఎంత? ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. అన్న జీవితమంతా బడిలో లెక్కలు చెప్పినవారే గనుక ఇది వారికి వెంటనే అర్థమైంది. ఒక ఆట నిమిషానికి ఇరవై మందిని ఎక్కించుకోగలదని అనుకుందాం. తలుపులు తెరిచాక ఆ ఆట వైపు నిమిషానికి నలభై మంది వస్తున్నారని అనుకుందాం. ప్రతి నిమిషానికీ ఇరవై మంది వరుసలో మిగిలిపోతారు. పది నిమిషాల తరువాత వచ్చినవాడి ముందు రెండు వందల మంది ఉంటారు, అతడు పది నిమిషాలు నిలబడాలి. గంట తరువాత వచ్చినవాడి ముందు పన్నెండు వందల మంది, అతనికి గంట నిరీక్షణ. అంటే ఆలస్యమైన ప్రతి నిమిషం రెండు నిమిషాలను తింటుంది. ఉదయం వేళ అర్ధగంట మధ్యాహ్నపు అర్ధగంటతో సమానం కాకపోవడానికి కారణం ఇదే. తెరవగానే మూడు ఆటలు ముగించుకున్న కుటుంబం తరువాతి వేళలో వాటికే రెండు గంటలు వెచ్చించవలసి వచ్చేది. గంటన్నర మిగిలింది.

బయటి బసకంటె రాత్రికి నూట ఇరవై డాలర్లు ఎక్కువ అవుతున్నాయని అనుకుంటే, ఐదుగురికి తలా గంటన్నర మిగిలితే మొత్తం ఏడున్నర గంటలు, గంటకు పదహారు డాలర్లు పడుతుంది. ముసలివారిద్దరూ ఆ ఆటలు ఎక్కనే ఎక్కకపోతే? మిగిలేది ముగ్గురికి నాలుగున్నర గంటలే. అప్పుడు గంట ధర ఇరవై ఏడు డాలర్లకు చేరుతుంది. ఈ నూట ఇరవై మేము లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే. అసలు తేడా సెలవు దినాన్ని బట్టి, గదిని బట్టి మారుతుంది. ఎవరి అంకె వారు వేసుకోవచ్చు.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. అతిథుల కోసం డిస్నీ వరల్డ్‌లో పాతిక వేలకు పైగా గదులు ఉన్నాయి. ఆ గదులలోనివారందరూ 'ముందు' వచ్చేవారే. వేలాదిమంది ముందు వచ్చినప్పుడు ముందు అన్న మాటకు అర్థం పలుచబడుతుంది. అందుచేత ఎనిమిదిన్నరకు ప్రవేశం అంటే ఎనిమిదింటికల్లా ద్వారం దగ్గర ఉండాలి. సంచుల తనిఖీ ఉంది, బస్సు ప్రయాణం ఉంది. ఏడు దాటగానే గది వదలవలసిందే. సెలవులకు వెళ్ళి ఎనిమిదింటికి నిద్ర లేచే కుటుంబం ఈ హక్కును కొనుక్కుని దిండు కింద పెట్టుకున్నట్లే. మన ఇండ్లలో ఫజ్ర్‌కు లేచే అలవాటు ఉన్నవారికి ఇది బరువు కాదు. డిసెంబరులో ఆర్లాండోలో సూర్యోదయం ఏడు దాటాకనే. గదిలోనే నమాజు ముగించుకుని తాపీగా బయలుదేరవచ్చు. రద్దీ ఎక్కువగా ఉండే క్రిస్మస్ వారంలో పార్కులు ఇంకా ముందుగానే తెరుచుకుంటాయి. అప్పుడు మాత్రం గడియారం చూసుకుంటూ లేవాలి.

ఏ పార్కు, ఏ బిడ్డ అన్నది కూడా చూడాలి. మనుమడికి ఐదేళ్ళు. మేజిక్ కింగ్‌డమ్ అనే పార్కులో చిన్నపిల్లల ఆటలు ఉన్న ఫాంటసీల్యాండ్ భాగం ఆ ముందు వేళలో తెరిచి ఉంటుంది. పీటర్ పాన్ ఆటకు ఎత్తు నిబంధన లేదు, వరుస మాత్రం రోజంతా దీర్ఘంగా ఉంటుంది. ఏడుగురు మరుగుజ్జుల గని రైలుకు 38 అంగుళాల ఎత్తు చాలు. ఈ రెండింటి కోసమే ఉదయం పరుగెత్తినా బిడ్డకు లాభమే. యానిమల్ కింగ్‌డమ్‌లో అందరూ పరుగెత్తే అవతార్ ఆటకు 44 అంగుళాలు కావాలి. బిడ్డ ఆ ఎత్తు లేకపోతే అక్కడ ఎనిమిదింటికి చేరి చేసేదేమీ లేదు. వెళ్ళేముందు గోడకు నిలబెట్టి ఎత్తు కొలుచుకోవడం ఏ హోటలు గదికంటెనూ చౌకైన ఏర్పాటు.

ఇంతవరకు చెప్పాక అన్న సంతృప్తి చెందారు. "అయితే తీసుకోమంటాను" అన్నారు. వదిన మాత్రం వంటగది గుమ్మం దగ్గర నిలబడి ఏమీ మాట్లాడలేదు. ఆమె మౌనం చూడగానే మాకు బెలుం గుహలు గుర్తుకు వచ్చాయి.

రెండేళ్ళ కిందట మా రెండు కుటుంబాలూ కలిసి కొలిమిగుండ్ల మండలంలోని ఆ గుహలకు వెళ్ళాము. మన జిల్లావాసులకు వాటి గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గురించి రాశాడు. 1982-83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలతలు తీసింది. పర్యాటక సంస్థ దీపాలు, దారులు ఏర్పరచి 2002లో ప్రజలకు తెరిచింది. మూడు కిలోమీటర్లు దాటిన ఆ గుహలలో కిలోమీటరున్నర వరకు చూడనిస్తారు. ఆనాడు మేము ముందుగా చేరాలని పట్టుపట్టి, ద్వారం తీసే వేళకే అక్కడ ఉన్నాము. నిజంగానే ఫలితం దక్కింది. మొదటి గంటలో గుహ మాదే. పాతాళగంగ దగ్గర నీటి చప్పుడు కూడా వినిపించింది. మేము తిరిగి వచ్చేసరికి బడిపిల్లల బస్సులు దిగుతున్నాయి, లోపల ఉక్క మొదలైంది. ముందు వచ్చినందుకు మమ్మల్ని మేమే మెచ్చుకున్నాము.

కాని వదిన లోపలికి రానే లేదు. మెట్లు మొదలయ్యేచోట ఒక్క క్షణం కిందికి చూసి, "మీరు పోయి రండి, నేను ఇక్కడే కూర్చుంటాను" అన్నారు. మేము పైకి వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఆమె నీడ కోసం మూడుసార్లు చోటు మారారట. అక్కడికి దగ్గరలోనే పర్యాటక సంస్థ బస ఉంది. పూటకు ఒక గది తీసుకుని ఉంటే ఆమె హాయిగా నడుము వాల్చి ఉండేవారు. ఆ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. మా తొందరంతా ద్వారం గురించే.

"వదినా, మోకాలు ఎట్లా ఉంది?" అని అడిగాము.

"ఉంది లే. వాడికి చెప్పొద్దండీ. చెబితే ప్రయాణమే మానుకుంటాడు. ఇంటి అప్పు మీద ఇదొక ఖర్చు వాడికి" అన్నారు ఆమె.

ప్రశ్న అప్పుడు మారిపోయింది. కుమారుడు అర్ధగంట కొనాలని చూస్తున్నాడు, బిడ్డ కోసం. తల్లికి కావలసింది ఉదయం అర్ధగంట కాదు, మధ్యాహ్నం రెండు గంటలు. ఆ పార్కులలో ఒక రోజు గడిపితే మైళ్ళకొద్దీ నడక తప్పదు. డిసెంబరులో అక్కడ పగలు చిన్నది. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతం నుండి సాయంత్రం ఆరు లోపల జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ మూడూ వచ్చేస్తాయి. వుజూ చేసుకుని, కాళ్ళు చాపుకుని, కాస్త పడుకుని తిరిగి వెళ్ళగల గది ఉంటే పెద్దవారు రెండో పూటా మనుమడితో నవ్వుతూ ఉండగలరు. లేకపోతే మూడు గంటలకే ముఖాలు వాడిపోతాయి. పార్కు హోటలుకు ఎక్కువ బాడుగ చెల్లిస్తే మా దృష్టిలో దానికి అసలు ప్రతిఫలం ఇదే. ప్రకటనలలో మాత్రం అర్ధగంట పెద్ద అక్షరాలలో ఉంటుంది, ఇది ఉండదు.

ఇక్కడే మరో జాగ్రత్త. 'పార్కు లోపలి హోటలు' అన్నంత మాత్రాన దగ్గర అని అనుకోకూడదు. డిస్నీ వరల్డ్ ఆవరణ సుమారు పాతిక వేల ఎకరాలు. మన హైదరాబాదు దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీని 1,666 ఎకరాలతో ప్రపంచంలోనే పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకం గుర్తించింది. అటువంటివి పదిహేను పక్కపక్కన పెట్టినట్లు ఊహించుకోండి. మేజిక్ కింగ్‌డమ్‌కు నడిచి పోగల కాంటెంపరరీ వంటి హోటళ్ళు అత్యధిక ధరలవి. చౌక తరగతి హోటళ్ళనుండి ఆ పార్కుకు బస్సు ఎక్కి పోవలసిందే. బస్సు కోసం ఆగడం, ఎక్కడం, దిగడం, మళ్ళీ సాయంత్రం అదే వరుస. మధ్యాహ్నపు విశ్రాంతిలో సగం దారిలోనే కరిగిపోతుంది. యూనివర్సల్‌లోనూ పారిస్‌లోనూ చాలా హోటళ్ళు నడక దూరంలోనే ఉంటాయి గనుక అక్కడ ఈ లెక్క వేరు.

మరొక మాట. చౌక తరగతిలోని మామూలు గదులలో నలుగురికే అనుమతి. అన్న కుటుంబం ఐదుగురు. రెండు గదులైనా, పెద్ద కుటుంబాల గదైనా తీసుకోవాలి. అంటే కుమారుడు వేసుకున్న తేడా అంకె అక్కడికక్కడే పెరుగుతుంది. దానికి ఎదురుగా, ఆర్లాండో పక్కనే ఉన్న కిస్సిమ్మీలో వంటగదితో సహా ఇండ్లు అద్దెకు దొరుకుతాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలలో చాలామంది అక్కడే దిగుతారు. హలాల్ భోజనం చింత ఉండదు, వదిన చేతి అన్నం తినవచ్చు. డబ్బాలో కట్టుకున్న ఆహారాన్ని డిస్నీ పార్కులలోకి అనుమతిస్తారు కూడా. అయితే కారు పార్కింగు రుసుము రోజూ చెల్లించాలి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి పోవడం కష్టం.

ఒక సందేహాన్ని అన్నే లేవనెత్తారు. "డబ్బున్నవాడు ముందు పోవడం, లేనివాడు వెనుక నిలబడడం, ఇది మనకు తగునా? మసీదులో ముందు వచ్చినవాడిదే ముందు వరుస. ఆలస్యంగా వచ్చిన ధనవంతుడు చెప్పుల దగ్గరే నిలబడతాడు." ఈ మాట మమ్మల్ని కొంతసేపు ఆపింది. మాకు తోచింది ఇది. హోటలు అతిథి తెల్లవారుజామున లేచి వస్తాడు. అతడు ఎక్కే వేళకు వరుసలో ఇంకా ఎవరూ లేరు. అతడు తోసివేసింది ఎవరినీ కాదు. కాని ఆ పార్కులలోనే వేగవంతమైన దారి ఒకటి విడిగా అమ్ముతారు. 1999 నుండి రెండు దశాబ్దాలు అటువంటి పాసు అందరికీ ఉచితంగా ఉండేది. 2021 నుండి డబ్బుకు ఇస్తున్నారు. హైదరాబాదు వండర్‌లాలోనూ ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు ఉంది. అక్కడ గంట నుండి బిడ్డను ఎత్తుకుని నిలబడిన తండ్రి కళ్ళముందే మరొకడు వచ్చి ఎక్కుతాడు. రెండూ నిబంధనల ప్రకారం సక్రమమే. మాకు మాత్రం మొదటిది సులభంగా మింగుడుపడుతుంది, రెండవది పడదు. దీనిపై పాఠకులు మాతో విభేదించవచ్చు.

ఆ రాత్రే అన్న కుమారుడితో వీడియో కాల్ మాట్లాడాము. వదిన వద్దన్నా మోకాలి సంగతి చెప్పివేశాము. అటువైపు కొంతసేపు నిశ్శబ్దం. "అమ్మా, ముందే చెప్పవచ్చు గదా" అన్నాడు. ఆపైన లెక్కలన్నీ మళ్ళీ వేశాడు. చివరకు నాలుగు రాత్రులూ పార్కు హోటల్లో అన్న ఆలోచన మానుకున్నాడు. మేజిక్ కింగ్‌డమ్ చూసే రోజుకు మాత్రం, ముందు రాత్రి, ఆ రాత్రి కలిపి రెండు రాత్రులు ఆ పార్కుకు మోనోరైలు ఉన్న హోటల్లో ఒక గది. ఐదుగురూ పట్టే గది కోసం వెదుకుతున్నాడు. మిగతా రోజులు కిస్సిమ్మీలో ఇల్లు. ముందు ప్రవేశం ఆ రోజున ఎలాగూ వస్తుంది. దానితోపాటు మరో ప్రయోజనం కూడా ఉందని అతడే చెప్పాడు. ద్వారం దగ్గర అద్దెకిచ్చే చక్రాల కుర్చీలు ముందు వచ్చినవారికి ముందు. అర్ధగంట ముందు వెళితే అమ్మకు కుర్చీ తప్పక దొరుకుతుంది.

"కుర్చీలో కూర్చుని మనుమడి ముందు తిరగాలా?" అన్నారు వదిన.

"నానీ, నేను తోస్తాను" అని తెరమీద మనుమడు కేక పెట్టాడు. ఆమె ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు అన్న ప్రతిరోజూ ఫజ్ర్ తరువాత జలాశయం కట్ట మీద ఒక చివరనుండి మరో చివరవరకు నడుస్తున్నారు. ఫ్లోరిడాకు సాధన అట. వదిన కూడా నిన్నటినుండి కట్ట దాకా వస్తున్నారు. సగంలో ఆగి రాతి మీద కూర్చుంటారు. తిరిగి వచ్చేటప్పుడు అన్న ఆమెకోసం అక్కడ ఆగుతున్నారు.